తొలి ఊపిరికి కావాల్సిన కొవ్వు

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది కానీ ఎనిమిదో నెలలో పుడితే దక్కదని తెలుగు పల్లెల్లో పెద్దలు చెప్పే మాట ఒకటి ఉంది. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఊపిరితిత్తుల విషయంలో మరీను. 24 వారాల ప్రాంతంలో పిండం ఊపిరితిత్తుల్లో సర్ఫ్యాక్టెంట్ అనే జిడ్డు పదార్థం తయారవడం మొదలవుతుంది. సరిపడా చేరేది 34, 35 వారాలకు. అంటే ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటే అవకాశాలు ఎక్కువ. అయినా పాత మాట పోలేదు. ఎనిమిదో నెలలో నొప్పులొస్తే ఇంక చేసేదేమీ లేదనుకుని ఆగిపోయే ఇల్లు ఒక్కటి ఉన్నా ఆ మాట ప్రమాదకరమే.

ముప్పై వారాలకే పుట్టిన బిడ్డను దగ్గర నుంచి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఏడ్చింది కదా అని అందరూ ఊరట పడేలోపే మూలుగు మొదలవుతుంది. ముక్కుపుటాలు అదురుతాయి. పీల్చిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతాయి, రొమ్ము ఎముక కింద గుంట పడుతుంది. శ్వాసలు నిమిషానికి 60 దాటుతాయి. గంటలు గడిచేకొద్దీ బిడ్డ అలసిపోతుంది, పెదాలు నీలం తిరుగుతాయి. ఆ మూలుగు నొప్పి వల్ల వచ్చేది కాదు. లోపలి గాలి గదులు మూసుకుపోకుండా బిడ్డ గొంతు బిగించి, గాలిని కాసేపు ఆపుకుంటోంది. రెండు కిలోలు కూడా లేని ప్రాణం తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయంతో చేసే పోరాటం అది.

గాలి గదులు ఎందుకు మూసుకుపోతాయి? ప్రతి గది లోపలి గోడ మీదా పలుచని నీటి పొర ఉంటుంది. నీటికి తలతన్యత ఎక్కువ. శరీర ఉష్ణోగ్రత దగ్గర అది మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు. ఆ బిగువుకి చిన్న గది ఊపిరి వదలగానే ముడుచుకుపోతుంది. మళ్లీ తెరవాలంటే మొదటి శ్వాసకు పడ్డంత కష్టం పడాలి. సర్ఫ్యాక్టెంట్ నీటి మీద పొరలా పరుచుకుని, ఊపిరి వదిలిన చివరి క్షణంలో ఈ బిగువును దాదాపు సున్నాకు దించుతుంది. గది సగం తెరుచుకునే ఉంటుంది, తరువాతి శ్వాస సులువవుతుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో ఇలాంటి గదులు 30 కోట్లకు పైనే. అన్నింటిలోనూ ఈ పనే, బతికినంత కాలం.

ఈ సర్ఫ్యాక్టెంట్‌లో పదింట తొమ్మిది వంతులు కొవ్వులు, ఒక వంతు ప్రొటీన్లు. కొవ్వుల్లో పెద్ద వాటా డీపీపీసీ అనే ఫాస్ఫోలిపిడ్‌ది. బరువులో సుమారు 5 నుంచి 10 శాతం దాకా కొలెస్ట్రాల్ ఉంటుంది. రక్త పరీక్ష కాగితం మీద చూసి జనం భయపడే ఆ కొలెస్ట్రాలే.

దానికి అక్కడేం పని? డీపీపీసీ గట్టి సరుకు. అది మెత్తబడేది 41 డిగ్రీల దగ్గర. శరీరం ఉండేది 37 దగ్గర. అంటే ఒంట్లో అది చలికాలం గిన్నెలో పేరుకున్న నెయ్యి లాంటిది. నొక్కితే బరువు మోస్తుంది గానీ పరుచుకోదు. ఊపిరి వదిలినప్పుడు బిగువును సున్నాకు దించడానికి ఆ గట్టితనం కావాలి. పీల్చగానే మళ్లీ చకచకా పరుచుకోవడానికి మాత్రం అది అడ్డం. కొలెస్ట్రాల్ ఆ గట్టి అణువుల మధ్య దూరి పొరకు కదలిక ఇస్తుంది. స్పెయిన్, డెన్మార్క్ పరిశోధకులు 2004లో ఊపిరితిత్తుల నుంచి తీసిన సహజ సర్ఫ్యాక్టెంట్‌ను సూక్ష్మదర్శిని కింద చూశారు. గట్టి భాగాలు, పల్చని భాగాలు పక్కపక్కనే కనిపించాయి. కొలెస్ట్రాల్‌ను తీసేస్తే ఆ అమరికే పోయింది.

ఆస్ట్రేలియాలో డనార్ట్ అనే చిట్టెలుకంత జంతువు ఉంది. చలికి, ఆకలికి తాళలేనప్పుడు ఒంటి వేడి తగ్గించుకుని స్తబ్ధుగా పడుకుంటుంది. అలా పడుకున్న కొన్ని గంటల్లోనే దాని సర్ఫ్యాక్టెంట్‌లో కొలెస్ట్రాల్ పాలు పెరుగుతుంది. చల్లబడ్డ ఊపిరితిత్తిలో పొర బిగుసుకుపోకుండా శరీరం చేసుకునే సర్దుబాటు అది.

మరి ఎక్కువైతే? పొర చెడుతుంది. కెనడాలో కాల్గరీ పరిశోధకులు 2005లో ఈ సంగతి తేల్చారు. సహజంగా ఉండే పాళ్లలో కొలెస్ట్రాల్ కలిపినప్పుడు సర్ఫ్యాక్టెంట్ బాగానే పనిచేసింది. దాన్ని 20 శాతానికి పెంచితే పొర ఎంత నొక్కినా బిగువును సున్నా దగ్గరకు దించలేకపోయింది. బరువు మోయాల్సిన చోట జారిపోయింది.

ఇది ప్రయోగశాల గాజుపాత్రకే పరిమితమైన విషయం కాదు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని నీరు పట్టిన రోగుల సర్ఫ్యాక్టెంట్‌లో కొలెస్ట్రాల్ పాలు పెరిగినట్టు పరిశోధకులు గుర్తించారు. వైద్యులు ఏఆర్‌డీఎస్ అని పిలిచే ఈ స్థితి భద్రాచలం ఏజెన్సీకి కొత్త కాదు. అడవి మండలాల్లో ఏళ్ల తరబడి జనాన్ని పీడించిన ఫాల్సిపారం మలేరియా ముదిరితే కొందరిలో ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని ద్రవం గాలి గదుల్లోకి కారుతుంది. పెద్దవాళ్ల ఏఆర్‌డీఎస్‌కు బయటి నుంచి సర్ఫ్యాక్టెంట్ పోసి చూసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదు. అధిక కొలెస్ట్రాల్‌ను పీల్చేసే సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థంతో చెడిన పొర మళ్లీ పనిచేయడం ప్రయోగాల్లో కనిపించింది. వార్డులో రోగికి మందుగా అందేందుకు మాత్రం ఇంకా చాలా దూరం ఉంది.

ఇక్కడ ఒక అపోహ పుట్టకుండా చూడాలి. గర్భిణి గుడ్డు తింటే బిడ్డ ఊపిరితిత్తుల్లో కొలెస్ట్రాల్ పెరిగిపోతుందని ఎవరైనా అనుకుంటే అది పూర్తిగా తప్పు. ఊపిరితిత్తి తనకు కావాల్సిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని రక్తం నుంచే తీసుకుంటుంది, కానీ ఎంత తీసుకోవాలో, ఎంత ఉంచుకోవాలో కణాలే చూసుకుంటాయి. తెలంగాణలో 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. రక్తహీనత ఎక్కువని 2022 డిసెంబరులో న్యూట్రిషన్ కిట్ల కోసం ఎంచుకున్న 9 జిల్లాల్లో భద్రాచలం ఉన్న భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. ఈ తల్లులకు కొరత ఉన్నది తిండికే. ఆ గుడ్డు పిల్లలకు పెట్టేసి తను మానేసే తల్లికి, అది తన వాటా అని గట్టిగా చెప్పాలి.

నెలలు నిండని బిడ్డలు ఊపిరాడక చనిపోవడానికి కారణం సర్ఫ్యాక్టెంట్ కొరతేనని అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లో చూపించారు. చికిత్స దొరకడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి ఐదు వారాలకు పైగా ముందే పుట్టిన కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో చనిపోయాడు. బతికింది 39 గంటలు. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైన తండ్రి ఆ పసివాడికి ఒక్క చుక్క సర్ఫ్యాక్టెంట్ తెప్పించలేకపోయాడు. ఎందుకంటే అప్పటికి అది ఎక్కడా లేదు. 1980లో జపాన్ వైద్యుడు తెత్సురో ఫుజివారా పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫ్యాక్టెంట్‌ను 10 మంది పసికందుల శ్వాసనాళంలో పోసి, ఫలితాలు ప్రకటించాక దారి తెరుచుకుంది.

ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడే సీసాలు ఎక్కువగా పశువుల, పందుల ఊపిరితిత్తుల నుంచి తీసినవే. వాటిలో చాలావాటి నుంచి శుద్ధి చేసేటప్పుడు కొలెస్ట్రాల్‌ను తీసేస్తారు. కొలెస్ట్రాల్‌ను ఉంచేసిన రకమూ ఉంది. రెండు రకాలూ పిల్లల్ని బతికించాయి. సీసాలో పాళ్లు ఎలా ఉంటే మేలన్న చర్చ ఇంకా ముగియలేదు. పండితుల చర్చ సాగుతున్నా, బిడ్డ డొక్కలెగరేస్తున్నప్పుడు దగ్గరున్న సీసాయే మంచి సీసా.

అది దగ్గరుంటేనే కదా.

భద్రాచలం ఏరియా ఆసుపత్రి భద్రాచలం వాళ్లకు మాత్రమే ఆసుపత్రి కాదు. చర్ల, దుమ్ముగూడెం మండలాల కోయ గూడేలతో పాటు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల వాళ్లూ అక్కడికే వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచి, ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నుంచి కూడా వస్తారు. రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని మంచం మీదనో, డోలీ కట్టో వాగు దాటించి, 108 నిలిచే చోటుకు మోసుకొచ్చిన వార్తలు ఈ ప్రాంతం పత్రికలకు ఏటా మామూలే. అక్కడి నుంచి భద్రాచలం. కేసు చేయి దాటితే ఖమ్మం, అంటే మరో 115 కిలోమీటర్ల పైచిలుకు. ఇంకా కాదంటే వరంగల్ ఎంజీఎం, లేదా 300 కిలోమీటర్ల అవతల హైదరాబాద్ నీలోఫర్. మూలుగుతున్న బిడ్డకు ఈ దారిలో ప్రతి గంటా కొన్ని గాలి గదులు మూసుకుపోయే గంట.

సర్ఫ్యాక్టెంట్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. ధర వేలల్లో. దాన్ని సన్నని గొట్టంతో శ్వాసనాళంలోకి పంపే చేయి కావాలి, ఆ తరువాత రోజుల తరబడి, ముక్కు గుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం మీద బిడ్డను చూసుకునే నర్సు కావాలి. ఇవన్నీ భద్రాచలంలో రాత్రీ పగలూ ఉండాల్సిందే, అందులో రాజీ లేదు. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో సర్ఫ్యాక్టెంట్ ఉంది. నాలుగు రాష్ట్రాల సరిహద్దు ప్రజలకు దిక్కైన ఆసుపత్రి ఫ్రిజ్‌లో అది ఖాళీ కావడానికి వీల్లేదు. అయితే ఈ అడవికి సీసా కంటే ముందు కావాల్సింది ఒక సూది. అది ఇప్పటికే మన చేతిలో ఉంది, సరిగ్గా వాడుకోవాలి.

నెలలు నిండుతున్న బిడ్డ శరీరం అడ్రినల్ గ్రంథుల్లో కార్టిసాల్‌ను తయారు చేసుకుంటుంది. ఆ కార్టిసాల్‌కు ముడిసరుకు కొలెస్ట్రాలే. ఊపిరితిత్తుల కణాలను సర్ఫ్యాక్టెంట్ పనికి తొందరపెట్టేది ఈ హార్మోనే. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ ఈ రహస్యాన్ని పట్టుకుని, నొప్పులు ముందే వచ్చిన తల్లులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, 1972లో ఫలితాలు వెల్లడించారు. తల్లికిచ్చిన మందు మాయ దాటి బిడ్డను చేరుతుంది. బిడ్డ కణాలు వారాల తరువాత చేయాల్సిన పనిని ముందుగానే మొదలుపెడతాయి. అలా తయారైన సర్ఫ్యాక్టెంట్ బిడ్డ సొంతం. అందులో ఏ కొవ్వు ఎంత ఉండాలో కొలిచి పోసేదీ ఆ కణాలే.

మన దేశంలో వాడేది డెక్సామెథసోన్. 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగు డోసులు, కండకు. మొత్తం ఖర్చు వంద రూపాయల లోపే. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొచ్చిన తల్లికి పెద్దాసుపత్రికి పంపే ముందే మొదటి డోసు ఏఎన్‌ఎం ఇవ్వవచ్చని 2014లోనే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ఫలితాలు వెలువడిన, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో భారత్ సహా ఐదు దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో 2,852 మంది తల్లులతో జరిగిన పరీక్షలో, ఉత్తుత్తి సూది వేసిన వర్గంలో 23.5 శాతం పసికందులు చనిపోగా, డెక్సామెథసోన్ ఇచ్చిన వర్గంలో అది 19.6 శాతానికి తగ్గింది. పాతిక మంది తల్లులకు ఇస్తే ఒక బిడ్డ అదనంగా బతికినట్టు. అదే ఏడాది మన దేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. ప్రపంచంలో ఇదే అత్యధికం.

ఇంత మంచి మందైతే అడవిలో ప్రతి గర్భిణికీ ఇచ్చేయొచ్చుగా అని ఎవరైనా అడగవచ్చు. కుదరదు. 2015లో వెలువడిన మరో పెద్ద పరీక్ష అందుకు సాక్ష్యం. నాగపూర్, బెళగావి ప్రాంతాలతో కలిపి ఆరు దేశాల పల్లెల్లో దాదాపు లక్ష ప్రసవాలను గమనించారు. గర్భం ఎన్ని వారాలో కచ్చితంగా తెలియని చోట, పుట్టిన బిడ్డకు తగిన సంరక్షణ లేని చోట ఈ మందును విరివిగా ఇస్తే పసికందుల మరణాలు తగ్గకపోగా మొత్తం మీద 12 శాతం పెరిగాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్లూ పెరిగాయి. మందు పొందిన వాళ్లలో చాలామందికి అసలు అది అవసరమే లేదు. ఎదిగిన బిడ్డకు అనవసరపు స్టెరాయిడ్ మేలు చేయదు.

2015 ఫలితం చూసి పీహెచ్‌సీలు ఈ సూదిని పక్కన పెట్టేస్తే అది మరో తప్పు. ఆ రెండు పరీక్షల మధ్య తేడా ఎక్కడుందో చూడాలి. 2020 పరీక్షలో ప్రతి తల్లికీ గర్భం వారాలను స్కానింగ్‌తో తేల్చుకున్నారు. ప్రసవం ఆసుపత్రిలోనే జరిగింది. అంటే ఈ వంద రూపాయల సూది పనిచేయాలంటే దానికి కొన్ని నెలల ముందే ఒక స్కాన్ జరిగి ఉండాలి. మూడో నెల లోపు తీసిన స్కాన్ గర్భం వయసును వారం తేడాలో చెబుతుంది. ఏడో నెలలో తీస్తే ఆ కచ్చితత్వం ఉండదు. నెల తప్పింది ఎప్పుడమ్మా అని అడిగితే ఇప్పపూలు ఏరే రోజుల్లోననో, తునికాకు కోసేటప్పుడనో చెప్పే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె క్యాలెండరు అదే. కానీ ఇప్పపూల కాలం నెలకు పైగా సాగుతుంది. 33 వారాలకూ 37 వారాలకూ తేడా ఆ కాలంలోనే కలిసిపోతుంది. ఆ తేడా మీదే సూది ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడి ఉంది.

కాబట్టి ఏజెన్సీలో మొదటి పని స్కాన్. తొలి త్రైమాసికం స్కాన్‌ను మిగతా పరీక్షలతో పాటు ఒకటిగా చూడటం ఆపాలి. అది లేకపోతే తరువాత చేసేదంతా గుడ్డిగా చేసేదే. వారానికోసారి మండల కేంద్రానికి రమ్మంటే వాగులు దాటి రాలేని గొత్తికోయ తల్లి కోసం స్కానింగ్ యంత్రమే కదలాలి. గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద యంత్రాన్ని కదిపేందుకు అనుమతుల చిక్కులున్నాయి. వాటిని తీర్చాల్సింది జిల్లా యంత్రాంగం. అడవిలో ఉన్న తల్లి కాదు.

రెండోది కాగితం. ఉప కేంద్రంలో మొదటి డోసు పడిన తల్లి భద్రాచలం చేరేసరికి ఆ సంగతి ఎవరికీ తెలియకపోతే డోసు వృథా అయినా కావచ్చు, రెండుసార్లు పడినా పడవచ్చు. చింతూరు నుంచి వచ్చే తల్లి కార్డు ఆంధ్రప్రదేశ్‌ది, కుంట నుంచి వచ్చే తల్లి కార్డు హిందీలో ఉంటుంది, ఆమె మాట్లాడేది గోండీ లేదా కోయ. రిఫర్ చీటీ మీద మూడు విషయాలు పెద్ద అక్షరాలతో ఉంటే చాలు: తొలి స్కాన్ ప్రకారం ఎన్ని వారాలు, డెక్సామెథసోన్ ఏ రోజు ఎన్ని గంటలకు ఇచ్చారు, ఎన్నో డోసు. నాలుగు రాష్ట్రాలూ ఒకే నమూనా చీటీ వాడేందుకు మంత్రివర్గ నిర్ణయం అక్కర్లేదు. పక్క పక్క జిల్లాల వైద్యాధికారులు ఒక పూట కూర్చుంటే అయ్యే పని.

మూడోది వేడి. శీతాకాలం రాత్రి జీపులోనో, అంబులెన్స్‌లోనో తడి గుడ్డలో చుట్టిన చిన్న బిడ్డ భద్రాచలం చేరేలోపే చల్లబడిపోతుంది. చల్లబడ్డ బిడ్డకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, ఊపిరి ఇబ్బంది ముదురుతుంది. తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి తీసుకెళ్లడం ఎవరికైనా నేర్పవచ్చు. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే ఈ కంగారూ పద్ధతి మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల మరణాలు పాతిక శాతం తగ్గాయని భారత్ సహా ఐదు దేశాల్లో జరిగిన పరీక్ష 2021లో చూపించింది.

నాలుగోది వరద. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఆ రోజుల్లో రోడ్లు మునిగి గూడేలు తెగిపోతాయి. అందుకే వానలు ముదరక ముందే ప్రసవం దగ్గరపడ్డ గర్భిణులను గుర్తించి ఆసుపత్రులకు తరలిస్తున్నారు. ఇది మంచి పని, ప్రాణాలు కాపాడింది. కానీ ఆ జాబితా తొమ్మిదో నెల నిండిన వాళ్లకే పరిమితమైతే సర్ఫ్యాక్టెంట్ లేని బిడ్డలే బయట మిగిలిపోతారు. కవలల్ని మోస్తున్న తల్లి, రక్తపోటు పెరిగిన తల్లి, కిందటి కాన్పు నెలలు నిండకుండా అయిన తల్లి ఆరో నెల దాటగానే ఆ జాబితాలోకి రావాలి. జూన్ మొదటి వారానికి ఆశా కార్యకర్త దగ్గర ఆ పేర్లు, ఉప కేంద్రంలో వాళ్లకు సరిపడా డెక్సామెథసోన్, భద్రాచలంలో వాళ్లు ముందుగా వచ్చి ఉండేందుకు మంచాలు సిద్ధంగా ఉండాలి. తోడొచ్చిన అత్తకో, అమ్మకో ఆ రోజులన్నీ తిండి కూడా పెట్టాలి. ఇంటి దగ్గర నాట్ల పని వదులుకుని వచ్చిన మనిషికి ఆ మాత్రం చేయకపోతే ఆ కుటుంబం మూడో రోజుకే తల్లిని వెనక్కి తీసుకెళ్లిపోతుంది.